పడిపోయినవాణ్ణి చూసి సంతోషం వస్తే? – ఒక అభిమాని ఆత్మపరిశీలన



ఈ వారం వీడియోలో రాగద్వేషాల గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటి ఉంది. టైమ్ చాలక కాదు, చెప్పడానికి సిగ్గేసి వదిలేశాను. కెమెరా ముందు చెప్పడం కన్నా రాయడం కాస్త తేలిక కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇది గుళ్ళో జరిగింది కాదు, సత్సంగంలో జరిగిందీ కాదు. టీవీలో బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే జరిగింది.

ప్రశ్న చిన్నదే. మనకి నచ్చని టీమ్‌లో ఒక పెద్ద ఆటగాడు దెబ్బ తగిలి కింద పడిపోతాడు. ఆ క్షణంలో లోపల ఎక్కడో "హమ్మయ్య, ఇక మ్యాచ్ మనదే" అనిపిస్తుంది. అలా అనిపించడం తప్పా? పాపమా? లేక ఆట అన్నాక ఇవన్నీ మామూలేనా?

మీలో చాలామంది క్రికెట్ చూస్తారు. ఐపీఎల్ సీజన్‌లో మీకూ ఇది అనుభవమే అయి ఉంటుంది. నాకు మాత్రం ఈ ప్రశ్న 2019 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఎదురైంది. బాస్కెట్‌బాల్ అలవాటు లేనివాళ్ళ కోసం ముందు కథ చెప్తాను.

ఆ సిరీస్ కథ

ఎన్‌బీఏలో రెగ్యులర్ సీజన్ అయ్యాక 16 టీమ్‌లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. మొత్తం నాలుగు రౌండ్లు. ప్రతి రౌండ్‌లోనూ రెండు టీమ్‌లు ఒకదానితో ఒకటి ఏడు మ్యాచ్‌ల వరకూ ఆడతాయి. ముందు నాలుగు గెలిచినవాళ్ళు పైకి వెళ్తారు. ఒక్క రోజుతో తేలే వ్యవహారం కాదు. రెండు వారాల పాటు అవే మొహాలు, అదే పోటీ. అందుకే ప్లేఆఫ్ సిరీస్‌లో ఇష్టమూ ముదురుతుంది, కోపమూ ముదురుతుంది.

2019లో ఫైనల్స్‌కి వచ్చినవి గోల్డెన్ స్టేట్ వారియర్స్, టొరంటో రాప్టర్స్. వారియర్స్‌కి అది వరసగా ఐదో ఫైనల్స్. 2015, 2017, 2018 టైటిల్స్ వాళ్ళవే. రాప్టర్స్ 1995లో మొదలైన టీమ్, ఇప్పుడు కెనడాలో ఉన్న ఒకే ఒక్క ఎన్‌బీఏ టీమ్. వాళ్ళకి అదే మొదటి ఫైనల్స్. అంతకుముందు మూడేళ్ళూ లెబ్రాన్ జేమ్స్ ఉన్న క్లీవ్‌లాండ్ చేతిలో ఓడిపోయి ఇంటికెళ్ళారు. ఆ టీమ్‌కి నవ్ భాటియా అని ఒక అభిమాని ఉన్నారు. మన దేశం నుంచి కెనడా వెళ్ళి స్థిరపడిన సిక్కు పెద్దాయన. తలపాగా కట్టుకుని, మొదటి సీజన్ నుంచీ ఆ టీమ్ హోమ్ మ్యాచ్‌లకి వస్తూనే ఉన్నారు. కోర్టు పక్కన ఆయన గెంతులు చూసే నేను రాప్టర్స్ వైపు మొగ్గాను.

ఇక ద్వేషం సంగతి. వారియర్స్‌లో కెవిన్ డ్యురాంట్ అంటే నాకు పడేది కాదు. 2016 ప్లేఆఫ్స్‌లో ఆయన ఓక్లహామా సిటీకి ఆడేవాడు. వారియర్స్ మీద 3–1 ఆధిక్యంలో ఉండి కూడా ఆ సిరీస్ ఓడిపోయారు. ఆ వేసవిలోనే వెళ్ళి అదే వారియర్స్‌లో చేరాడు. తర్వాత రెండేళ్ళు టైటిల్ గెలిచి, రెండుసార్లూ ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడు అవార్డు తీసుకున్నాడు. "ఓడించినవాళ్ళతోనే కలిసిపోయాడు" అని నాలాంటివాళ్ళకి మంట. ఆయనకీ నాకూ ఏ సంబంధమూ లేదు. ఆయన నా సొమ్ము తినలేదు, నన్నొక మాట అనలేదు. అయినా మూడేళ్ళ పాటు ఆ కోపాన్ని నేను చక్కగా నీళ్ళు పోసి పెంచాను.

ఆ ఏడాది మే 8న హ్యూస్టన్‌తో ఆడుతూ డ్యురాంట్ పిక్క దెబ్బతింది. తర్వాత తొమ్మిది మ్యాచ్‌లు ఆడలేదు. ఆయన లేకుండానే వారియర్స్ ఫైనల్స్‌కి వచ్చారు. మొదటి మ్యాచ్ రాప్టర్స్ 118–109తో గెలిచారు. రెండోది వారియర్స్ 109–104తో గెలిచారు. మూడో మ్యాచ్‌లో స్టెఫెన్ కర్రీ ఒక్కడే 47 పాయింట్లు కొట్టినా రాప్టర్స్‌దే గెలుపు. నాలుగోదీ వాళ్ళదే. 3–1. ఇంకొక్కటి గెలిస్తే చాలు.

అప్పుడు అందరి నోటా ఒకటే మాట: డ్యురాంట్ ఎప్పుడొస్తాడు? నిజంగా దెబ్బేనా, ఆడటం ఇష్టం లేకా? ఈ మాటలు అన్నది ప్రత్యర్థులే కాదు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

2019 జూన్ 11, పొద్దున్న ఆరున్నర

టొరంటోలో జూన్ 10 రాత్రి 9 గంటలంటే మనకి మర్నాడు పొద్దున్న ఆరున్నర. హైదరాబాద్ మొత్తం క్రికెట్ వరల్డ్ కప్ మూడ్‌లో ఉంటే, మా రూమ్‌లో మేమిద్దరం మాత్రం టీ గ్లాసులు పట్టుకుని ఐదో గేమ్ ముందు కూర్చున్నాం. నా రూమ్మేట్ వారియర్స్ ఫ్యాన్. ఇంజనీరింగ్‌లో కాలేజ్ టీమ్‌కి బాస్కెట్‌బాల్ ఆడినవాడు. ఒక మ్యాచ్‌లో మోకాలు తిరగబడి, ఆపరేషనై, ఆట మానేశాడు. అంతవరకే నాకు తెలుసు.

డ్యురాంట్ దిగాడు. వచ్చీ రాగానే మూడు త్రీ పాయింటర్లు వేస్తే మూడూ పడ్డాయి. పన్నెండు నిమిషాల్లో 11 పాయింట్లు. నాకు గుండెలో రాయి పడింది. రెండో క్వార్టర్ మొదట్లో సెర్జ్ ఇబాకా ఎదురుగా ఉంటే బంతిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చి దూసుకెళ్ళబోయాడు. అంతే, కాలు పట్టేసినట్టు ఆగిపోయి, కింద కూర్చుని, కాలి వెనక్కి చెయ్యి పెట్టి తడుముకున్నాడు. పిక్క కాదు, మడమ మీద ఉండే అకిలిస్ టెండన్ తెగింది.

నేను కుర్చీలోంచి లేచి అరిచాను. "కర్మ రా! కవాయ్‌కి చేసింది తిరిగొచ్చింది చూడు!"

టీవీలో కూడా అరుపులు వినపడ్డాయి. అరీనాలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు చేతులూపి టాటా చెప్పారు. నేను ఒంటరిని కాదు. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. కోర్టులో ఉన్న రాప్టర్స్ ఆటగాళ్ళే, కైల్ లౌరీ, ఇబాకా, డానీ గ్రీన్, జనం వైపు తిరిగి చేతులతో "వద్దు, ఆపండి" అని సైగలు చేశారు. తమ సొంత జనాన్ని. ఇంకొక్క గెలుపు దూరంలో టైటిల్ ఉండగా. కొన్ని క్షణాల్లో ఆ అరుపులు తగ్గి, డ్యురాంట్ లేచి వెళ్తుంటే జనమంతా చప్పట్లు కొడుతూ "కేడీ, కేడీ" అన్నారు. కర్రీ, ఇగ్వొడాలా ఆయన వెంట లోపలికి నడిచారు.

నా రూమ్‌లో అలా చెయ్యెత్తి ఆపేవాళ్ళు ఎవరూ లేరు. నా రూమ్మేట్ నా వైపు చూడలేదు. కాసేపాగి మెల్లగా అన్నాడు: "నా మోకాలు పోయినప్పుడు అవతలి కాలేజ్ వాళ్ళు ఇలాగే విజిల్స్ వేశారు రా. నొప్పి ఎలా ఉందో ఇప్పుడు గుర్తు లేదు. ఆ సౌండ్ మాత్రం గుర్తుంది." టీ గ్లాసు సింక్‌లో పెట్టి స్నానానికి వెళ్ళిపోయాడు. వాడి టీమ్ మ్యాచ్ వాడు సగం చూడనేలేదు.

ఆ మ్యాచ్‌లో చివరి మూడున్నర నిమిషాల ముందు వరకూ ఆరు పాయింట్ల ఆధిక్యంలో ఉన్న రాప్టర్స్, 106–105తో ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయారు. "నువ్వు అరిచినందుకు దేవుడు శిక్ష వేశాడు" అని కథ అల్లొచ్చు. నేను అల్లను. ఎందుకంటే అదీ పొద్దున్న నేను చేసిన తప్పులాంటిదే. ముందు ఆ తప్పేమిటో చూద్దాం.

"కర్మ" అని ఎప్పుడంటున్నాం?

నేను అన్న మాట వెనక ఒక పాత గొడవ ఉంది. 2017 ప్లేఆఫ్స్‌లో శాన్ ఆంటోనియోకి ఆడే కవాయ్ లెనర్డ్ వారియర్స్ మీద షాట్ వేసి కిందికి దిగుతూ, జాజా పచూలియా అనే వారియర్స్ ఆటగాడి పాదం మీద పడి చీలమండ మెలిపెట్టుకున్నాడు. అప్పటికి శాన్ ఆంటోనియో 20కి పైగా పాయింట్ల ఆధిక్యంలో ఉంది. కవాయ్ వెళ్ళిపోయాక ఆ మ్యాచ్ ఓడిపోయారు. 2019లో అదే కవాయ్ రాప్టర్స్‌లో ఉన్నాడు. అందుకని నా మనసు లెక్క సరిచేసేసింది: వాళ్ళు చేశారు, వాళ్ళకి తగిలింది.

కానీ ఆ పాదం పెట్టింది డ్యురాంట్ కాదు. పెట్టినవాడు 2019 నాటికి ఆ టీమ్‌లోనే లేడు. మరి నేను చెప్పిన కర్మ ఎవరిది, ఫలం ఎవరికి? ఒకరు చేస్తే, అదే రంగు జెర్సీ వేసుకున్న ఇంకొకరు అనుభవించాలని ఏ శాస్త్రంలో ఉంది?

మనలాంటి సిటీ కుర్రాళ్ళం "కర్మ" అనే మాటని భలే తేలిగ్గా వాడేస్తున్నాం. మనకి నచ్చనివాడికి దెబ్బ తగిలితే కర్మ. మనకే తగిలితే బ్యాడ్ లక్, దిష్టి. పెద్దలు కర్మ సిద్ధాంతం చెప్పింది ముందుగా ఎవరికి వారు తమ జీవితం చూసుకోవడానికి. నాకు కష్టం వస్తే "ఇందులో నేను నేర్చుకోవలసింది ఏమిటి" అనడానికి, ఇవాళ చేసే పని జాగ్రత్తగా చేయడానికి. ఫలం ఇచ్చేవాడు ఈశ్వరుడు. ఎవరికి ఏ ఫలం దేనివల్ల వచ్చిందో చెప్పే ఖాతా పుస్తకం మన చేతిలో లేదు. పక్కవాడి నొప్పి చూసి "కర్మ" అన్నామంటే, చాలాసార్లు అది వేదాంతం కాదు, మన పాత కోపం కాషాయం కట్టుకుని బయటికి రావడం.

రాప్టర్స్ ఓటమి నాకు పడిన శిక్ష అనడం కూడా ఇందుకే కుదరదు. హైదరాబాద్‌లో నేను అరిచానని టొరంటోలో ఆటగాళ్ళు ఎందుకు ఓడాలి?

అభిమానం అనే మాటలోనే ఉంది

తెలుగులో ఫ్యాన్‌ని అభిమాని అంటాం. నాకు ఈ మాట చాలా ఇష్టం. ప్రేమ, గౌరవం, ఆత్మీయత అన్నీ అందులో ఉన్నాయి. కానీ వేదాంతం క్లాసులో కూర్చుంటే ఇదే మాటకి ఇంకో అర్థం వినిపిస్తుంది. దేహాభిమానం అంటారు, అంటే ఈ శరీరమే నేను అనుకోవడం. నేను కానిదాన్ని నేను అనుకోవడం, నాది కానిదాన్ని నాది అనుకోవడం అభిమానం.

ఆ పొద్దున్న నేను ఈ రెండో రకం అభిమానిని. "మనం గెలుస్తున్నాం" అన్నాను కానీ "వాళ్ళు గెలుస్తున్నారు" అనలేదు. ఏ మనం? నేను టొరంటో ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ జెర్సీ కూడా నా దగ్గర లేదు. అయినా ఆ టీమ్ "నేను" అయిపోయింది. ఒకసారి అది నేను అయ్యాక, ఎదురుగా నిలబడ్డవాడు ఇక ఆటగాడు కాదు, నాకు అడ్డు. అడ్డు తొలగితే సంతోషమే కదా! మనిషి కనపడడు. ముప్ఫై ఏళ్ళవాడు నేల మీద కూర్చుని తన కాలు తడుముకుంటున్నాడన్నది కంటికి కనపడుతూనే ఉంది, బుద్ధికి అందలేదు.

అలాగని ఆటలు చూడటం మానేయాలా? నేను అలా అనుకోవడం లేదు. అభిమానం ప్రేమగా ఉన్నంతసేపూ అది మనసుని పెద్దది చేస్తుంది. సముద్రాల అవతల ఎవరో చేసే విన్యాసానికి ఇక్కడ మన ఒళ్ళు పులకరించడం చిన్న విషయమా? నాకూ వాడికీ మధ్య ఉన్న దూరం చెరిగిపోతుంది కాబట్టే అది ఆనందం. చిక్కల్లా, ఒకరిని దగ్గర చేసుకోవడానికి ఇంకొకరిని మనిషి కాకుండా చేసినప్పుడే.

అదే రోజు ఇంకో వార్త వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు ఆస్ట్రేలియా మీద 117 కొట్టిన శిఖర్ ధావన్‌కి, ఆ ఇన్నింగ్స్‌లోనే బొటనవేలికి బంతి తగిలి ఎముక చిట్లిందని. ఆఫీసులో అందరం దిగాలు పడిపోయాం. "పాపం, ఎంత ఫామ్‌లో ఉన్నాడు" అని నేనే అన్నాను. అన్నాక నా మాట నాకే వినపడింది. పొద్దున్న మడమ తెగినవాడికి రాని "పాపం" అనే మాట, మధ్యాహ్నం బొటనవేలికి ఎలా వచ్చింది? నొప్పి ఒకటే. జెర్సీ వేరు, అంతే.

గదాయుద్ధం తర్వాత

ఇక్కడ భారతంలో ఒక ఘట్టం గుర్తు చేసుకోవాలి. శల్యపర్వంలో భీముడి గద దెబ్బకి తొడలు విరిగి దుర్యోధనుడు కూలిపోతాడు. చుట్టూ ఉన్న పాంచాల యోధులు ఉత్తరీయాలు గాల్లో ఊపుతూ సింహనాదాలు చేశారని అక్కడ ఉంది. ఇవాళ్టి స్టేడియంలో జెండాలు, తువ్వాళ్ళు ఊపినట్టే! భీముడు అంతటితో ఆగక, పడి ఉన్నవాడి తల మీద ఎడమ కాలు పెట్టి తన్నాడు.

ఆపింది ఎవరు? ధర్మరాజు. ఎవరికోసం ఆపాడు? లక్క ఇంట్లో కాల్చబోయినవాడి కోసం. నిండు సభలో ద్రౌపదిని అవమానించినవాడి కోసం. పన్నెండేళ్ళు అడవుల పాలు చేసినవాడి కోసం. ద్వేషించడానికి కారణం ఉన్న మనిషి లోకంలో ఎవరైనా ఉంటే అది ధర్మరాజే. ఆయన భీముణ్ణి వారించాడు. వీడు రాజు, మన రక్తసంబంధీకుడు, సైన్యం పోయింది, తమ్ముళ్ళు పోయారు, నేల మీద పడి ఉన్నాడు, ఇంకా కాలితో తన్నడం ధర్మం కాదన్నాడు. అంతటి పగ ఉన్నచోట ఆయన ఆగగలిగితే, టీమ్ మారాడన్న కోపం తప్ప ఇంకేమీ లేని నేను ఆగలేనా?

మీలో కొందరు ఇప్పటికే అడగబోతుంటారు: మరి కర్ణుడి సంగతో? రథచక్రం నేలలో దిగబడి, ఆయుధం పట్టకుండా ఉన్నవాడి మీద బాణం వెయ్యమన్నది కృష్ణుడే కదా?

మంచి ప్రశ్న. దీని మీద పెద్దలు శతాబ్దాలుగా చర్చించారు, నేను తేల్చేవాణ్ణి కాదు. కానీ ఈ రెండు ఘట్టాల్నీ పక్కపక్కన పెడితే నాకు ఒక తేడా కనపడుతుంది. అర్జునుడి బాణం యుద్ధంలో భాగం. భీముడి కాలు యుద్ధం అయిపోయాక వచ్చింది. మొదటిది పని, రెండోది పండగ. డ్యురాంట్ వెళ్ళిపోయాక రాప్టర్స్ ఆడటం ఆపలేదు, గెలవడానికే ఆడారు. ఆపమని ఎవరూ అనరు. అవతలివాళ్ళకి బలం తగ్గిందని మనం బంతి వదిలేస్తే అది ఆటకే అవమానం. బాణం వెయ్యండి, తప్పు లేదు. కాలెత్తకండి. లౌరీ, ఇబాకా, గ్రీన్ సరిగ్గా ఇదే చేశారు. చేత్తో జనాన్ని ఆపారు, మళ్ళీ అదే చేత్తో బంతి తీసుకున్నారు.

మొదటి క్షణం, రెండో క్షణం

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఆ మొదటి క్షణంలో వచ్చిన సంతోషం పాపమా?

నాకు అర్థమైనంతలో, పిలవకుండా వచ్చిన ఆలోచనకి మనం పూర్తి బాధ్యులం కాదు. మనసు పాత అలవాట్ల మూట. మూడేళ్ళు నేను పెంచిన కోపం ఆ క్షణంలో తనంతట తాను బయటపడింది. దాన్ని ఆ క్షణంలో ఆపడం నా చేతిలో లేదు. కానీ రెండో క్షణం నా చేతిలో ఉంది. లేచి నిలబడటం, అరవడం, దానికి కర్మ అని పేరు పెట్టి మర్యాద ఇవ్వడం, ఇవన్నీ నేను చేసినవి. కఠోపనిషత్తులో శరీరం రథమని, ఇంద్రియాలు గుర్రాలని, మనసు కళ్ళెమని, బుద్ధి సారథి అని పోలిక ఉంది. గుర్రం బెదరడం వేరు, సారథి నిద్రపోవడం వేరు.

టొరంటో జనం గురించి ఆ తర్వాత చాలామంది చెడ్డగా మాట్లాడారు. నాకు మాత్రం వాళ్ళలో కనపడింది మనిషి మనసే. మొదట తప్పు, వెంటనే ఎవరో చెయ్యెత్తి ఆపడం, ఆ తర్వాత దిద్దుకోవడం. అంతమంది ఉన్న హాలు కొద్ది క్షణాల్లో మారగలిగింది. కాకపోతే వాళ్ళకి చెయ్యెత్తేవాళ్ళు ఎదురుగా ఉన్నారు. ఫోన్ పట్టుకుని ఒంటరిగా మ్యాచ్ చూసే మనకి ఆ చెయ్యి మన లోపలే ఉండాలి.

ఆ చెయ్యి ఎలా అలవడుతుంది? పతంజలి యోగసూత్రాల్లో నాలుగు భావనలు చెప్పారు. సుఖంగా ఉన్నవాళ్ళ పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ళ పట్ల కరుణ, పుణ్యం చేసేవాళ్ళ పట్ల ముదిత అంటే సంతోషం, పాపం చేసేవాళ్ళ పట్ల ఉపేక్ష. ఇందులో "మన టీమ్‌వాళ్ళయితే" అనే షరతు ఎక్కడా లేదు. ఇంకో విశేషం, ఇవి అలవాటు చేసుకుంటే లాభం ఎవరికి అన్నదానికి ఆయన ఇచ్చే జవాబు మన చిత్తం తేటపడుతుందని. డ్యురాంట్‌కి నా అరుపు వినపడలేదు, ఎప్పటికీ వినపడదు. అది తగిలింది ఇద్దరికే. గదిలో ఉన్న నా స్నేహితుడికి, నాకు.

ఇంకో వాదన కూడా ఉంది: వాళ్ళు కోట్లు తీసుకుంటున్నారు, దెబ్బలు వాళ్ళ ఉద్యోగంలో భాగం, మనం టికెట్ కొన్నాం. నిజమే, కోట్లు తీసుకుంటారు. కానీ కోట్లు తెగిన టెండన్‌ని ఆ రాత్రికి రాత్రి అతికించలేవు. డ్యురాంట్ ఆ తర్వాతి సీజన్ మొత్తం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ చెప్తాను. ఆయన ఆడకుండా కూర్చున్న నెల రోజులూ లోకం మొత్తం "ఎందుకు ఆడట్లేదు" అంది. నేనూ అన్నాను, "నాటకాలు" అని. ఆడాడు. పడ్డాడు. పడితే చప్పట్లు కొట్టాం. కూర్చుంటే పిరికివాడు, పడితే కర్మ! ఆ రాత్రి వారియర్స్ జనరల్ మేనేజర్ బాబ్ మైయర్స్ విలేకరుల ముందు కన్నీళ్ళతో, ఎవరినైనా నిందించాలంటే నన్ను నిందించండి అన్నారు. మ్యాచ్‌తో ఏ సంబంధమూ లేని నేను అది చూసి తల దించుకున్నాను. ఆ ఒత్తిడిలో నా మాట కూడా ఒక చుక్క.

ఆరో గేమ్

జూన్ 14 పొద్దున్న. ఓక్లాండ్‌లోని ఒరాకిల్ అరీనాలో వారియర్స్‌కి అదే ఆఖరి మ్యాచ్. నేను, నా రూమ్మేట్ మళ్ళీ అదే గదిలో కూర్చున్నాం. మధ్యలో మూడు రోజులు మేము ఆట గురించి మాట్లాడుకోలేదు. "సారీ" అని నేను ఒక్క మాట అన్నాను, "సర్లే" అని వాడు అన్నాడు, అంతే.

క్లే థాంప్సన్ అప్పటికి 28 పాయింట్లు కొట్టి ఉన్నాడు. మూడో క్వార్టర్ చివర్లో గాల్లోకి లేచి, డానీ గ్రీన్ అడ్డుకోగా, కాలు మెలిపడి కింద పడ్డాడు. మోకాలు. నా రూమ్మేట్‌కి పోయిందీ మోకాలే.

అబద్ధం చెప్పను. ఆ మొదటి క్షణం మళ్ళీ వచ్చింది. "అయిపోయింది, ఇక మనదే" అని లోపల ఒక మెరుపు. మూడు రోజుల్లో మనసు మారిపోదు. కానీ ఈసారి దాన్ని చూశాను. నోరు తెరవలేదు. పక్కకి తిరిగితే నా స్నేహితుడు తన మోకాలు తనే పట్టుకుని ఉన్నాడు, తనకి తెలియకుండానే. నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను.

క్లేని లోపలికి తీసుకెళ్తున్నారు. తనకి రెండు ఫ్రీ త్రోలు రావాలి, అవి తను వెయ్యకుండా వెళ్ళిపోతే రూల్ ప్రకారం మళ్ళీ ఆటలోకి రావడం కుదరదు. టన్నెల్ లోంచి వెనక్కి తిరిగి నడిచి వచ్చాడు. లిగమెంట్ తెగిన మోకాలితో లైన్ దగ్గర నిలబడి రెండూ వేశాడు. రెండూ పడ్డాయి. అప్పుడు మేమిద్దరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. నేను రాప్టర్స్ ఫ్యాన్‌గానే ఉండి కొట్టాను. ముదిత అంటే ఏమిటో నాకు పుస్తకంలో కన్నా అక్కడే బాగా అర్థమైంది.

రాప్టర్స్ 114–110తో గెలిచారు. 4–2. కెనడాకి మొదటి ఎన్‌బీఏ టైటిల్. లౌరీ 26 పాయింట్లు, కవాయ్‌కి ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు. నేను గంతులేశాను. నా రూమ్మేట్ చెయ్యి చాచి "కంగ్రాట్స్ రా" అన్నాడు. ఆ గంతుల్లో ఏ లోటూ లేదు. అవతలివాళ్ళ దెబ్బ మీద జాలి ఉంటే మన గెలుపు ఆనందం తగ్గిపోతుందని నేను భయపడ్డాను. తగ్గలేదు. ఒకే గుండెలో రెండూ పట్టాయి.

ఇద్దరు పెద్ద ఆటగాళ్ళు పడిపోతే వచ్చిన టైటిల్ నిజమైన టైటిలేనా అని ఇప్పటికీ వాదించేవాళ్ళు ఉన్నారు. దీనికి మనవాళ్ళు చెప్పే ప్రసాద బుద్ధి నాకు సరిపోయింది. ఆడటం వాళ్ళ వంతు, బాగా ఆడారు. ఫలంలో వాళ్ళ శ్రమ ఉంది, వాళ్ళ చేతిలో లేనివి కూడా ఎన్నో ఉన్నాయి. ఏ గెలుపైనా అంతే. అలా తెలిసినవాడు గెలుపుని కళ్ళకద్దుకుని తీసుకుంటాడు, ఓడినవాడి మీద కాలు పెట్టడు. క్లే ఆ తర్వాత ఇంకో గాయం కూడా తగిలి, 2022 జనవరి దాకా మళ్ళీ కోర్టులోకి రాలేకపోయాడు. వచ్చిన ఏడాదే వారియర్స్ మళ్ళీ టైటిల్ గెలిచారు. అప్పుడు నా రూమ్మేట్‌కి ఫోన్ చేసి ముందు కంగ్రాట్స్ చెప్పింది నేనే.

కాబట్టి ఈ వారం మనం చేసుకోవలసిన చిన్న సాధన ఇది. మీరు ఏ ఆట చూసినా, ఏ టీమ్ వైపు ఉన్నా, అవతలివాడు పడిపోయిన క్షణంలో మీ లోపల ఏం కదిలిందో ఒక్కసారి చూడండి. మంచిది కదిలితే మంచిదే. చెడ్డది కదిలితే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, దానికి అందమైన పేరూ పెట్టకండి. చూడండి, నోరు తెరవకండి, పక్కన ఎవరున్నారో గమనించండి. అప్పుడప్పుడూ ఆ దెబ్బ టీవీలో ఉన్నవాడికన్నా మన పక్కన కూర్చున్నవాడికి ఎక్కువ తగులుతుంది.

శ్రీకృష్ణార్పణం.